కిటికీలో పసుపు గుడ్డ

మార్ల్‌పిట్ ఇటుకల బట్టీ,
1906 నవంబరు 17, శనివారం.

మహారాజశ్రీ సర్ జెర్వాస్ థోర్బీ దొరవారి సముఖానికి,

ఓవర్‌స్టో ఊళ్లో తమరి ఏడిళ్ల వరుసలో చివరింట్లో పద్నాలుగేళ్లు కాపురమున్న సైలస్ పెక్ భార్య కెజయా వంగి వంగి చేసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. నిన్నటి దెబ్బకు మంచమెక్కకుండా తమరు ఈపాటికి ఏదో ఇంత ఎంగిలి పడే ఉంటారని తలుస్తాను.

ఐదు ఓట్ల తేడాతో ఓడారు. రెండుసార్లు మళ్లీ లెక్కపెట్టించారు, అయినా ఐదే. టౌన్‌హాలు మెట్ల కింద జనంలో నేనూ ఉన్నాను. అంకె చదువుతున్నప్పుడు తమరి మొహం చూడాలనే రెండు గంటలు చలిలో నిలబడ్డాను. చూశాను. కడుపు నిండింది.

నేనెవరో గుర్తు రాకపోతే మార్చి నెలాఖరు గుర్తు తెచ్చుకోండి. జనవరి ఎన్నికల్లోనూ తమరు ఓడిపోయారు. ఊరంతా తమరి నీలం రిబ్బన్లే కట్టుకుంది, మరి ఓట్లు ఎటుపోయాయని తమరి దివాను పికెరింగ్ గారు ఆరా తీశారు. ఓటింగు రోజున మా కిటికీలో పసుపు గుడ్డ కనబడిందని ఆయనే తమరికి చెప్పారు. పసుపంటే అవతలి పార్టీ రంగు. అంతే, ఆ ఒక్క కిటికీకి ఏడిళ్లూ ఖాళీ చేయమన్నారు.

మా ఆయన టోపీ చేత్తో పట్టుకుని తమరి గుమ్మం దాకా వచ్చాడు. దొరగారూ, ఒక్క మాట చెప్పుకుని పోతాను అన్నాడు. నీ మాట జనవరిలోనే విన్నాంలే, పో అన్నారు తమరు, గుర్రం దిగకుండానే. ఆ మాట ఆయన నోట్లోనే ఉండిపోయింది.

ఖాళీ చేసిన రోజున మంచువాన. మా అత్త డోర్కస్‌కు అప్పటికే రొమ్ము పట్టేసి ఉంది. ముసలామెకు నయమయ్యే దాకా పది రోజులు గడువివ్వండి బాబూ అని పికెరింగ్ గారి కాళ్లు పట్టుకున్నాను. ఆయన గడియారం చూసుకున్నారు. బండి మీద పరుపుల మధ్య పడుకోబెట్టాం. బ్రాక్లీ వంతెన దాటాక, ఏమే కెజయా, ఇల్లు ఇంకా ఎంత దూరం అని అడిగింది. దగ్గరికొచ్చేశాం అత్తా అన్నాను. ఇంకేమీ అడగలేదు. ఆమెను మీ ఊరి మట్టిలో కాదు, దారిలో తెలియని ఊళ్లో పాతిపెట్టి వచ్చాం. ఆ రోజే తమరిని క్షమించనని ఒట్టేసుకున్నాను.

ఏడు కుటుంబాలం ఈ బట్టీ చేరాం. మగాళ్లు మట్టి తొక్కుతున్నారు, ఆడాళ్లం ఇటుకలు మోస్తున్నాం. తమరిని ఓడించినాయన అక్టోబరులో పోయాడని, ఉప ఎన్నిక వస్తుందని, మళ్లీ తమరే నిలబడుతున్నారని తెలిసింది. మాకేం పట్టింది అనుకున్నాం. కానీ ఇక్కడి ప్రార్థన మందిరంలో బోధకుడు ఒక సంగతి చెప్పాడు. ఓటర్ల జాబితా ఏడాదికి ఒకసారే మారుతుందట. డిసెంబరు ఆఖరు దాకా మా ఏడుగురు మగాళ్ల పేర్లు ఓవర్‌స్టో జాబితాలోనే ఉంటాయట. ఇళ్లలోంచి తీసేశారు గానీ కాగితంలోంచి తీయడం తమరి చేతుల్లో లేకపోయింది.

అయితే ఓటు ఓవర్‌స్టోలోనే వేయాలి. ఇరవై రెండు మైళ్లు. పసుపు పార్టీ వాళ్లకు ఉన్నది ఒక్క గుర్రబ్బండి. మోటారు కార్లన్నీ తమరివే, తమరి స్నేహితులవే.

అందుకే పికెరింగ్ గారికి ఉత్తరం రాశాను. బుద్ధి వచ్చింది బాబూ, కడుపు కాలితే గానీ తెలియలేదు, మోటారు పంపిస్తే ఏడుగురూ వచ్చి దొరగారి రుణం తీర్చుకుంటారు అని. ఆయన మురిసిపోయి రెండు మోటార్లు పంపారు, ఏడు నీలం రిబ్బన్లతో సహా.

మా పక్కింటి జోనస్ మొరాయించాడు. చచ్చినా ఆ దొర బండిలో కాలు పెట్టను వదినా అన్నాడు. కాలే కదరా పెట్టమన్నది, గుర్తు ఎక్కడ పెట్టాలో నీ చేతికి తెలియదా అన్నాను. అప్పుడు నవ్వాడు. మార్చి తరవాత వాడు నవ్వగా చూడటం అదే మొదలు. నేనూ వాళ్ల మధ్య ఇరుక్కుని కూచున్నాను.

ఓట్లు వేసే బడి గుమ్మంలో తమరు స్వయంగా ఎదురొచ్చారు. మా ఆయన భుజం తట్టి, గడిచిందేదో గడిచిందోయ్ పెక్, మళ్లీ ఇళ్ల సంగతి చూద్దాంలే అన్నారు. తలా ఒక పొగాకు పొట్లం ఇచ్చారు. దొరగారి దయ అన్నాడు మా ఆయన, నీలం రిబ్బను సరిచేసుకుంటూ. ఏడుగురూ లోపలికెళ్లి పసుపాయనకు గుర్తు పెట్టి బయటికొచ్చారు. నేను ఆడదాన్ని, నాకు ఓటు లేదు. గోడ పక్కన నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నాను.

ఆ ఏడుగురూ బట్టీలోనే ఉండిపోతే తమరు రెండు ఓట్లతో నెగ్గేవారు. వాళ్లను పిలిపించుకున్నది తమరే, కూచోబెట్టి తెచ్చుకున్నది తమరి మోటారే. పొగాకు బాగుందని మా వాళ్లు చెప్పమన్నారు.

కోపం వస్తే ఏం చేస్తారో చేసుకోండి. వెళ్లగొట్టడానికి మేమిప్పుడు తమరి ఇంట్లో లేం.

ఇట్లు,
తమరి మేలు మరువని
కెజయా పెక్

మరొక్క మాట. ఆ రోజు తమరి గుమ్మంలో మా ఆయన నోట్లోనే ఉండిపోయిన మాట ఇది. అంతకు ముందటి శరత్కాలంలో మా కిటికీ అద్దం పగిలింది. మార్పించమని పికెరింగ్ గారిని మూడుసార్లు అడిగాం. జనవరిలో మంచు గాలి లోపలికి కొడుతుంటే మా అత్త తన ఫ్లానెల్ లంగా తెచ్చి ఆ కన్నంలో కుక్కింది. అది పసుపు రంగుది. ఆమెకు ఉన్నది అదొక్కటే. పార్టీ సంగతి ఆమెకేం తెలుసు? జనవరిలో ఆ వరుసలో ఏడుగురూ ఓటు వేసింది తమరికే. మీ నాన్నగారు కట్టించి ఇచ్చిన ఇళ్లన్న విశ్వాసం. ఈసారీ తమరికే వేసేవాళ్లు, దొరా, మమ్మల్ని అక్కడే ఉండనిచ్చి ఉంటే. ఆ లంగా ఉతికి, మడిచి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. తమరి కిటికీలు గట్టివే, అయినా దగ్గర ఉంచుకోండి.