నాన్న సీసా

అన్నయ్యా,

సెలవులకి ఎందుకు రాలేదని వదిన అడిగిందట. చెబితే నవ్వుతారని చెప్పలేదు. ఆపరేషన్‌లో తీసిన నాన్న ఊపిరితిత్తి ముక్కని పరిశోధనకి వాడుకోమని నువ్వే సంతకం పెట్టావు కదా. దాంట్లోంచి పెంచిన కణాలు మా ల్యాబ్‌లో ఒక సీసాలో ఇంకా బతికే ఉన్నాయి. సీసా మీద పేరుండదు, తేదీ చూసి పోల్చుకున్నాను. రోజు మార్చి రోజు వాటికి కొత్త ద్రవం పోసేది నేనే.

మేం ఇలాంటి కణాలకి ఎక్కించి చూసే వైరస్, కణంలోంచి బయటికొచ్చేటప్పుడు ఆ కణం చుట్టూ ఉండే కొవ్వు పొరనే కాస్త లాక్కుని ఒంటికి చుట్టుకుంటుంది. దొంగ మనింటి దుప్పటే కప్పుకుని పోయినట్టు. మేం చదివేది ఆ దుప్పటి గురించే. అది సబ్బుకి కరిగిపోతుంది. అందుకే చేతులు కడుక్కోమని నీ ప్రాణం తీసేదాన్ని.

ఇప్పుడా కణాలు ముసలివైపోయాయి, పెరగడం మానేశాయి. పోయిన నెలే పారెయ్యాల్సింది, నేనే ఏదో ఒక వంకతో ఆపుతూ వచ్చాను. నిన్న మా మేడమ్ చూసి, "ఇంకా ఇదెందుకమ్మా?" అంది. తీసేస్తానని చెప్పాను. వచ్చే సోమవారం పదకొండింటికి దాంట్లో నా చేత్తోనే సబ్బునీళ్లు పొయ్యాలి. కణాల పొరా కొవ్వే కదా, అదీ కరిగిపోతుంది.

నాన్న పోయినప్పుడు నేను రాలేకపోయాను. అన్నీ నువ్వొక్కడివే చేశావు. ఈసారి నేనొక్కదాన్నే.

ఆ టైముకి ఫోన్ చెయ్యి అన్నయ్యా. నేను ఎత్తలేను, చేతులకి గ్లౌజులుంటాయి. కాసేపు మోగనివ్వు, చాలు.

నీ చెల్లి