పెచ్చు లేసిన మూల

బాపూ,

నిన్న నువ్వు "మిషన్ చేసిన పెట్టెల నీ చెయ్యి ఏడుందిరా?" అన్నవ్. నేను తలుపు గుద్ది పోయిన. మరి గా కట్టె చెక్కే మిషన్ ఎవరు చేసిండ్రు? పాత ప్రింటర్ల మోటర్లు ఏరుకొచ్చి, కంప్యూటర్‌కు కలిపి, ఆర్నెల్లు తిప్పలు పడి నేనే చేసిన. తొమ్మిదిల బడి ఇడిసినోన్ని.

గని ఒక మాట నిన్న దాసిన. ఆదివారం లిడియక్క బిడ్డ బాప్తిస్మానికి, కాలం జేసిన మన అవ్వ బైబిల్‌ను, కన్నతల్లి గుర్తని, గీ పెట్టెల పెట్టి ఇద్దామనుకున్న. బైబిల్ కొలిచి, సరిగ్గ గంతే సైజుకు టేకు దిమ్మెను లోపల తవ్విచ్చిన. మిషన్ల తిరిగే బిట్టు, గా కోసే మొన, గుండ్రం గదా, మూలలు గుండ్రంగనే మిగిలినయ్. బైబిల్ లోపల కూసుంటలేదు. నూకితే పాత అట్ట చినుగుతది.

బడి ఎగ్గొట్టి నీ కాడ కూసున్నప్పుడు, నా చెయ్యి మీద నీ చెయ్యేసి ఉలి కొట్టిస్తుంటివి. "మెల్లగరా, మూల తొందరపడెటోనికి దొరకది" అంటుంటివి. అవ్వ చాయ తెచ్చి, "తండ్రికొడుకులకు ఒక్క మూలకే పొద్దుగూకె" అని నవ్వుతుండె.

నిన్న కోపంల నేనే ఉలి పట్టిన. ఒక మూల తీసిన గని, అంచుకు పెచ్చు లేసింది. మిగిలిన మూడు ముట్టలే.

పెట్టె, బైబిల్ నీ బల్ల మీద పెట్టిన. ఉలి సుత నూరి పెట్టిన. ఆ మూడు మూలలు నువ్వు తియ్యి బాపు. పెచ్చు లేసిందాన్ని మాత్రం అట్లనే ఉండనియ్యి. నా చెయ్యి గాడుంది.

అక్క బస్టాండ్‌ల దిగిందట, ఫోన్ మోగుతుంది. పోత.