పల్లీ పేస్టు, పావు చెంచా

3వ తేదీ, సాయంత్రం 6
పాపకి ఆరు నెలలు నిండాయి! డాక్టరమ్మ తేల్చేసింది: "గంజితోపాటు పల్లీ పేస్టు కూడా పల్చగా కలిపి పావు చెంచా పెట్టండి. ఆలస్యం చేస్తేనే ఎలర్జీ భయం ఎక్కువ." రేపే! బిస్కెట్ ఫ్యాక్టరీలో 'ఇందులో పల్లీ ఉంది' అన్న లేబుళ్లు తనిఖీ చేసేదే నేను. నాకు చెప్పాలా?

4వ తేదీ, ఉదయం 10
చెంచా. గడియారం. ఆస్పత్రి నంబరు. సర్వం సిద్ధం!
10:05. పాప తుమ్మింది. వాయిదా.

5వ తేదీ
ఈరోజు పాప మూడ్ బాలేదు. (నాదే బాలేదు.) అత్తగారు అడిగింది: "పిల్లకి తిండి పెడుతున్నారా బాబూ, బాంబు పేలుస్తున్నారా?" చెంచా కడిగి లోపల పెట్టేశాను.

7వ తేదీ
డ్యూటీ నుంచి రాగానే పాప చంకెక్కి నా యూనిఫాం కాలరు చప్పరించింది. నెలరోజులుగా ఇదే వరస. నాన్నంటే ఎంత ప్రేమో!

8వ తేదీ
దాచడమెందుకు? భయం. మూడేళ్ల కిందట అక్క కొడుకు పల్లీ తిని, మొహం వాచి, ఊపిరాడక నా ఒళ్లోనే ఆస్పత్రికి వచ్చాడు. బతికాడు గానీ, ఆ ఊపిరి చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. మా ఆవిడ అంది: "అదంతా డాక్టరమ్మకి చెప్పాంగా? వినే కదా పెట్టమంది?" ఈ మనిషికి నోరెక్కువ. పైగా నిజమే చెబుతుంది.

9వ తేదీ, ఉదయం 10
సీసా అటకమీద దాచేశాను.
"సీసా ఏదండీ?"
"అయిపోయింది."
"మూతే తీయలేదు కదా!"

10వ తేదీ, ఉదయం 9
కొంప మునిగింది! చొక్కా ఉతకబోతూ మా ఆవిడ కాలరు చూపించింది. మడతనిండా పల్లీ పొడి! ఈ నెలంతా పల్లీ లైను పక్కనే నా డ్యూటీ. 'యూనిఫాం ఇంటికి వేసుకెళ్లరాదు' అని నోటీసు అంటించింది ఎవరు? నేనే. ఇద్దరికి మెమోలు కూడా ఇచ్చాను.
అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది: "మేం పెడితే ప్రమాదం, మీ చొక్కా పెడితే పథ్యమా బాబూ?"
9:20. డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "చొక్కా లెక్కలోకి రాదు. ఒంటిమీద దద్దుర్లు లేవుగా? ఇప్పుడే చెంచాతో పెట్టండి."
10:00. అటకమీది సీసా దింపి పెట్టాం.
12:00. దద్దురు లేదు, వాపు లేదు. ఇంకా కావాలని చెంచా లాక్కుంది. ఏడ్చేశాను. సిగ్గేం లేదు.
సాయంత్రం 5. ఇకనుంచి తిరుగులేదు! రేపు పదింటికి గుడ్డు.
5:10. పాప ఆవలించింది. గుడ్డు ఎల్లుండి చూద్దాం.