మైలవరం నీళ్లలో సగం దూరం

అత్తా,

ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో ఉంది. ట్యాంకు నిండగానే మోటారు ఆపెయ్యి. బీపీ మాత్ర తిన్నాకే వేసుకో.

నేను జమ్మలమడుగు పోతున్నాను. మైలవరం డ్యామ్ దగ్గర ఈ ఏడు కూడా ట్రయథ్లాన్ పెట్టారు. ముందు ఈత, తర్వాత మన ప్రొద్దుటూరు దాకా సైకిలు, ఆపైన ఊళ్లో పరుగు.

పోయినేడు నేనవన్నీ పూర్తి చేశానన్నది అబద్ధం. సగం ఈదేసరికి పిక్క పట్టేసింది. పడవలో ఉన్నాయన "చాల్లేమ్మా, చెయ్యియ్యి. మళ్లా ఏడు చూసుకుందువు" అని పైకి లాగాడు. సైకిలు ముట్టుకోనే లేదు. పోటీకొచ్చిన అందరికీ పంచిన టీషర్టు నా ఒంటి మీద చూసి, నువ్వు వీధిలో "మా కోడలు డ్యామంతా ఈదొచ్చినాది" అని చెప్పుకున్నావు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో నా గురించి నువ్వు అంత సంతోషంగా మాట్లాడటం అదే మొదలు. కాదనడానికి నోరు రాలేదు.

శనివారాలు గండి గుడికని నీకు చెప్పి పోయింది కూడా ఈత నేర్చుకోవడానికే. ఈసారి ఏం జరిగితే అదే చెప్తాను.

సంహిత

పరుగు పదింటికి మన బస్టాండు ముందు నుంచే పోతుంది. వస్తే ముందొచ్చేవాళ్లలో నన్ను వెతకొద్దు. ఇంకాసేపు నిలబడు.