ఉన్నిలాగు మాట నాది

నాయనా జిహాంగ్,

ఇక్కడ షెన్యాంగ్‌లో మంచు ఆగడం లేదు. ఫోన్‌లో చెబితే మీ అమ్మ వింటుందని రాస్తున్నాను.

షాంఘైలో నువ్వు స్టేజీ మీద జోకులు చెప్పిన వీడియోను మీ అమ్మమ్మ పార్కులో డాన్సుకొచ్చే ఆడవాళ్లందరికీ చూపిస్తోంది. "మా మనవడు చెప్పే ముసల్ది నేనేనర్రా!" అని ఒకటే మురిసిపోవడం. అందరూ పొద్దుతిరుగుడు గింజలు ఆవిడ దోసిట్లోనే పోస్తున్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

నువ్వు కంప్యూటర్లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇస్తుంటే వెనకనుంచి వచ్చి, "లోపల ఉన్నిలాగు వేసుకున్నావట్రా?" అని అడిగింది నేను కాదూ? అవతలి ఆఫీసరు హడలిపోయి, "వేసుకున్నానండీ, అవ్వా" అన్నది నాతో కాదూ? దాన్ని తీసుకెళ్లి "మా అమ్మమ్మ" అంటూ మా వియ్యపురాలికి కట్టబెడతావా? ఆవిడ ఏనాడైనా నీ లాగు సంగతి పట్టించుకుందా?

కొత్త సంవత్సరానికి వచ్చినప్పుడు, "నన్ను స్టేజీ ఎక్కించకురా, వెటకారాలకు ఏ పెద్దమనిషికి కోపమొస్తుందో" అన్నాను, నిజమే. వేడినీళ్లు తాగమంటే వినవు. పెళ్లి చేసుకోమంటే వినవు. ఆ ఒక్క మాటే ఎందుకు విన్నావురా?

ఈసారి నానమ్మ అని చెప్పు. పేరు మాత్రం వద్దు, నాకు భయం. నానమ్మ అంటే చాలు, పార్కులో వాళ్లకు తెలిసిపోతుంది.

ఇంకొకటి. ఆ వీడియోను నేనూ చాలాసార్లు చూశాను. నీ ప్యాంటు కాళ్లకు అతుక్కుపోయి ఉంది. లోపల ఏమీ ఉన్నట్టు లేదు.

వేసుకున్నావా?

నీ నానమ్మ