బోల్టు తెరిచే ఉండాలి

ఆగస్టు 4

బకెట్ క్రీక్ రైఫిల్ క్లబ్బు భద్రతా కార్యదర్శి శ్రీమతి గెరాల్డిన్ ప్రూయిట్ గారికి, ముప్పై ఒక్క అక్టోబర్లుగా ఒకటో నంబరు బల్ల దగ్గర కూర్చుంటున్న ఎల్‌వుడ్ షాంక్ నమస్కరించి రాయునది.

కాఫీ షెడ్డు తలుపుకి మీరు మేకుతో కొట్టిన కొత్త నిబంధన ఏడు చదివాను. కాల్పులు ఆపమనగానే ప్రతి రైఫిల్‌కీ తూటా గదిని మూసే బోల్టు వెనక్కి వెళ్లి, ఎవరి చేతిసాయమూ లేకుండా తెరుచుకునే ఉండాలట. లోపల తూటా లేదని దూరం నుంచే కనబడాలట. లేకపోతే అక్టోబరు పోటీకి రానివ్వరట.

నా రైఫిల్ సంగతి మీకు తెలియనిది కాదు. చివరి తూటా పేలగానే దాని బోల్టు ఠక్కున మూసుకుంటుంది. తెరిచి ఆపే ఏర్పాటు దానికి పుట్టుకతోనే లేదు. తయారుచేసిన దేశానికి ఫిర్యాదు చేద్దామంటే ఇప్పుడు ఆ దేశమే లేదు. ఇన్నేళ్లూ తనిఖీకి వచ్చినవాళ్లు వేలితో బోల్టు లాగి చూసి, "సరే ఎల్‌వుడ్, ఖాళీనే" అని ముందుకు పోయేవాళ్లు. ఇప్పుడు బోల్టు తెరిచి ఉంచమని ఏడో నిబంధన అంటుంది, బల్ల దగ్గర్నుంచి లేచాక రైఫిల్ ముట్టుకోవద్దని ఎనిమిదోది అంటుంది. నోరు తెరిపించి ఉంచడానికి పళ్ల డాక్టర్ని వెంట తెచ్చుకోమంటారా?

ఇట్లు,
ఎల్‌వుడ్ షాంక్

తా.క.: వరసలో ఒక్క అక్టోబరు పోటీ తప్పితే నా లెక్క సున్నా అవుతుంది, నీడలో ఉన్న ఆ ఒకటో బల్ల నా తర్వాతివాడికి పోతుంది. ఇరవై తొమ్మిది అక్టోబర్లతో నా వెనకే ఉన్నది మీ ఆయన డ్వైట్. ఊరికే గుర్తు చేస్తున్నాను.

ఆగస్టు 11

శ్రీ ఎల్‌వుడ్ షాంక్ గారికి, భద్రతా సంఘం తరఫున గెరాల్డిన్ ప్రూయిట్ రాయునది.

మీ ఉత్తరం సంఘం ముందు పెట్టాను. పళ్ల డాక్టరు ప్రతిపాదన మీద పదకొండు నిమిషాలు చర్చ జరిగింది. ఆయన క్లబ్బు సభ్యుడు కారు కాబట్టి బల్లల వెనకున్న పసుపు గీత దాటి రాకూడదని నిర్ణయించాం. ప్రతిపాదన వీగిపోయింది.

బోల్టు తెరిచి ఉంచడానికి మీ దగ్గర ఇంకేవైనా దారులుంటే బొమ్మ గీసి పంపండి. పరిశీలిస్తాం.

భవదీయురాలు,
గెరాల్డిన్ ప్రూయిట్

తా.క.: నిబంధన మూడు ప్రకారం ఫిర్యాదులు పోస్టులోనే రావాలి. మొన్న ఆదివారం చర్చిలో పాట పాడుతూ మీరు నా వైపు చూసిన చూపు లిఖితపూర్వకం కాదు కనుక నమోదు చేయలేదు.

ఆగస్టు 23

గెరాల్డిన్ గారికి, పళ్ల డాక్టరు లేని ఎల్‌వుడ్ నమస్కారాలు.

మొదటి దారి, మా ఆవిడ మర్టిల్ చెక్క గరిటె. బోల్టు లాగి, సందులో గరిటె కాడ దూరిస్తే ఆగింది. సాక్ష్యం కోసం గరిటెనే పంపుతున్నాను. వంటింట్లోంచి, "నా గరిటె ఏ దొంగ ఎత్తుకుపోయాడు?" అని ఒకటే కేకలు. దొంగ పలకలేదు.

రెండో దారి, తూటాలు పెట్టే మ్యాగజైన్, కొత్త రకంది. తూటాలు అయిపోగానే దాని లోపలి పలక పైకొచ్చి బోల్టుకి అడ్డం పడుతుంది. గరాజులో ఇరవైసార్లు ఖాళీగా లాగి చూశాను, ఇరవైసార్లూ ఆగింది.

ఇదీ చాలదంటే చెప్పండి, మర్టిల్‌నే పక్కన నిలబెట్టి బోల్టు పట్టుకోమంటాను. నలభై రెండేళ్లుగా నన్ను పట్టి ఉంచుతోంది, ఒక ఇనపముక్క ఆమెకో లెక్కా?

ఇట్లు,
ఎల్‌వుడ్

తా.క.: డ్వైట్ ఎలా ఉన్నాడు? ఒకటో బల్లకి కొలతలు తీసుకుంటున్నాడా?

సెప్టెంబరు 2

ఎల్‌వుడ్ షాంక్ గారికి, సంఘం తీర్మానాలు తెలియజేస్తూ గెరాల్డిన్ ప్రూయిట్ రాయునది.

గరిటె: మీలాంటి రైఫిల్‌లోనే దూర్చి చూశాం, బల్ల మీద పెట్టగానే జారిపోయింది. తిరస్కరించాం.

మ్యాగజైన్: దాన్ని తీసేయగానే బోల్టు మూసుకుంటుంది. కాల్పులు ఆపాక మ్యాగజైన్ తీసేయాలన్నది నిబంధన ఆరు, మీరు చదివే ఉంటారు. తిరస్కరించాం.

మర్టిల్: ఏకగ్రీవంగా ఆమోదించాం. ఆమె వచ్చి మీ పక్కన నిలబడవచ్చు. అయితే నిబంధన ఎనిమిది ఆమెకీ వర్తిస్తుంది కాబట్టి బోల్టు పట్టుకోకూడదు. చెవులకి రక్షణ పెట్టుకోవాలి. సభ్యత్వ దరఖాస్తు జతచేశాను.

భవదీయురాలు,
గెరాల్డిన్ ప్రూయిట్

తా.క.: గరిటె తిప్పి పంపుతున్నాను. తుపాకీ నూనె వాసన కొడుతోంది. ఈ సంగతి మర్టిల్‌కి నేను చెప్పలేదు.

సెప్టెంబరు 12

గెరాల్డిన్ గారికి, సొంత ఇంట్లోనే పరాయివాడైన ఎల్‌వుడ్ రాయునది.

మీరు పంపిన కవరు మర్టిల్ విప్పింది. గరిటె దొరికింది, దొంగా దొరికాడు. వారం రోజులు నాకు చల్లటి సూపే గతి. దరఖాస్తు చూసి మాత్రం ఆవిడ మొహం వెలిగిపోయింది. అక్కడికక్కడే సంతకం పెట్టి, తమ్ముడి పాత వేట రైఫిల్ అడిగి తెచ్చుకుంది. దాని బోల్టు చేత్తో లాగితే లాగినచోటే ఉంటుంది. "చూడు ఎల్‌వుడ్, ఎంత బుద్ధిగా నోరు తెరుచుకుని కూర్చుందో!" అని రోజూ నా ముందు లాగి చూపిస్తోంది. పోటీకి అర్హత లేనిది ఇంట్లో నాకొక్కడికే.

ఇంక దాపరికం ఎందుకు? ఈ నిబంధన మీ ఆయన కోసమే రాశారు. ఆ సంగతి ఊళ్లో పిల్లిక్కూడా తెలుసు. బస్సు షెడ్డులో ఉద్యోగం అయిపోయాక నేను ఫలానా చోట ఫలానా వేళకి ఉండాలని ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు, అక్టోబరు రెండో శనివారం ఎనిమిది గంటలకి ఆ బల్ల తప్ప. అది పోతే నాకు నిజంగా బాధే. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆఖరి దారి ఇది. తుపాకులు బాగుచేసే లైల్ నా సేఫ్టీ మీటకి చిన్న గాడి పెట్టాడు. బోల్టు వెనక్కి లాగి మీట పైకి లేపితే, బోల్టు పిడి ఆ గాడిలో కూర్చుంటుంది. మ్యాగజైన్ తీసినా, బల్ల ఊగినా కదలదు. దానంతటది తెరుచుకోదు, ప్రతిసారీ నేనే గుర్తుపెట్టుకుని చేయాలి. చేస్తాను.

ఇట్లు,
ఎల్‌వుడ్ షాంక్

తా.క.: దీన్నీ తిరస్కరిస్తే నా రైఫిల్ని మర్టిల్‌కి కొత్త గరిటెగా ఇచ్చేస్తాను. దయచేసి దీని మీద చర్చ పెట్టకండి.

సెప్టెంబరు 25

ఎల్‌వుడ్ షాంక్ గారికి, గెరాల్డిన్ ప్రూయిట్ రాయునది.

లైల్ తెచ్చి చూపిన మీ రైఫిల్ మీద, గాడి పెట్టిన మీటని పరీక్షించాం. బల్లని నలుగురం కలిసి ఊపాం. బోల్టు కదల్లేదు. ఆమోదించాం. ఒకటో బల్ల దగ్గర ఎనిమిదింటికి ఉండండి.

నిబంధన ఎవరి కోసం రాశానన్నది సంఘం పరిధిలోకి రాదు. తుపాకీని గరిటెగా వాడటం మీద చర్చ పెట్టలేదు, రెండు మాటలు మాత్రం అనుకున్నాం.

భవదీయురాలు,
గెరాల్డిన్ ప్రూయిట్

తా.క.: మీ గాడి చూసి డ్వైట్ పడీపడీ నవ్వాడు. "నా రైఫిల్‌కి చివరి తూటా అయిపోగానే బోల్టు దానంతటదే తెరుచుకుంటుంది, నాకీ తిప్పలెందుకు?" అన్నాడు.

అక్టోబరు 13

గెరాల్డిన్ గారికి, ముప్పై రెండు పూర్తిచేసిన ఎల్‌వుడ్ నమస్కరించి రాయునది.

శనివారం పోటీ సంగతి రాయకుండా ఉండలేను. ఆ అడవి లేడి కాల్పుల మధ్యలోనే గురిబల్లల ముందుకి పెళ్లికూతురిలా నడిచి రావాలా? మీరు కాల్పులు ఆపమన్నారు. నేను బోల్టు లాగి, మీట లేపి, వెనక్కి వచ్చాను. మర్టిల్ కూడా వచ్చేసింది. పక్కనే రెండో బల్ల దగ్గర మీ ఆయన మ్యాగజైన్ తీసి, గీత దాటొచ్చి, కాఫీ పోసుకుంటున్నాడు. ఆయన రైఫిల్ బోల్టు మూసే ఉంది. ఇంకా నాలుగు తూటాలు మిగిలి ఉండగానే ఆపాడు కదా, దానంతటది ఎలా తెరుచుకుంటుంది? లోపల ఒక తూటా అలాగే ఉండిపోయింది. ముందు గురిబల్లలు మార్చడానికి మనుషులు వెళ్లబోతున్నారు.

అందరూ మీకేసి చూశారు. మొగుడు కదా, చూపు పక్కకి తిప్పుకుంటారనుకున్నాను. మీరు ఆయన పేరు గట్టిగా చదివి, పోటీలోంచి తీసేసి, ఇరవై తొమ్మిదిని సున్నా చేశారు.

ఈ నిబంధన మీ ఆయన కోసమే రాశారని అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. లిఖితపూర్వకంగా.

ఇట్లు,
ఎల్‌వుడ్

తా.క.: మర్టిల్ నాకంటే పదమూడు పాయింట్లు ఎక్కువ కొట్టింది. ఈ వాక్యం నమోదు చేయనక్కర్లేదు.

అక్టోబరు 17

ఎల్‌వుడ్ గారికి, ఈసారి సంఘం తరఫున కాకుండా గెరాల్డిన్ రాయునది.

ఆ మాట వెనక్కి తీసుకోకండి. అది నిజం. నిబంధన ఏడు మా ఆయన కోసమే రాశాను.

ఏప్రిల్లో ఒకసారి, మేలో రెండుసార్లు ఆయన ఇలాగే తూటా లోపల ఉంచి లేచి వచ్చేశాడు. మూడుసార్లూ నేనే చూసి, ఎవరికీ తెలియకుండా తీశాను. చెబితే, "అదే తెరుచుకుంటుందిలే గెరీ" అంటాడు. మూడోసారి మీరు గురిబల్లల దగ్గర వంగి ఉన్నారు. పేరు పెట్టి చెప్పి ఆయన పరువు తీయలేక, అందరికీ కలిపి నిబంధన రాశాను. మీకొక్కరికి సడలిస్తే మినహాయింపు కోసం ఆ వెనకే నిలబడేది మా ఆయనే. అందుకే మీ గరిటెతో సహా అన్నీ కాదన్నాను. రెండు నెలలకి పైగా మీ చేత తిట్లు తిన్నాను. మీరు బతికుండి తిట్టారు, అదే చాలు.

ఉంటాను,
గెరాల్డిన్

తా.క.: ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆ మనిషి ఫ్రిజ్ తలుపు గానీ, గరాజు తలుపు గానీ, ఆవాల పచ్చడి సీసా మూత గానీ ఒక్కనాడూ మూసిన పాపాన పోలేదు. ఈ భూమ్మీద తెరిచి ఉంచాల్సింది ఒక్కటుంటే, దాన్ని మాత్రం మూసిపెట్టి వచ్చాడు.