మజ్జిగ డబ్బా

ఆళ్ళగడ్డ,
శుక్రవారం.

పుట్టింట్లో దొరసానిలాగా మంచం దిగని నా సరస్వతికి,

ఇక్కడ కోళ్ళు క్షేమం. నీ కోసం అవేమీ ఏడవడం లేదు. నా సంగతి మాత్రం అడగవద్దు.

మిరప చేలో నువ్వు వాంతులు చేసుకుని పడిపోతే అందరూ ఎండదెబ్బ అన్నారు. నంద్యాల డాక్టరమ్మ ఒక్కతే, "నీళ్ళు దేంట్లో తాగినావమ్మా?" అని అడిగింది. కలుపు మందు అయిపోయిన డబ్బా కడిగి, కూలీలకు దాంట్లో నీళ్ళు తేవడం మన ఊరికి ఆచారమైపోయింది కదా. పిడి బాగుంటుంది, మూత గట్టిగా పడుతుంది, ఊరికే వస్తుంది. దాంతోపాటు విషం కూడా ఊరికే వస్తుందని ఎవరూ చెప్పలేదు.

మీ పుట్టింటికని మిడుతూరు బస్సు ఎక్కుతూ నువ్వు, "ఆ డబ్బాలు చేలల్లో ఉన్నన్నాళ్ళు నేను రాను పో," అన్నావు. నవ్వుతూ చెయ్యి ఊపాను గానీ, ఇంటికొచ్చి ముద్ద మింగలేకపోయాను.

పురుగుమందుల దుకాణాలు ఖాళీ డబ్బాలు వెనక్కి తీసుకునేలా గట్టి రూలు కావాలని అర్జీల మీద అర్జీలు ఇచ్చాను. వాటిని ఏ చెదపురుగు చదువుతోందో! అందుకే సోమవారం నంద్యాల కలెక్టరాఫీసుకు మజ్జిగ తీసుకుపోతున్నాను. ఎందుకని అడగవద్దు. జైల్లో వేస్తే కోళ్ళు నీవే.

నీ కోతి మొగుడు,
దేవదానం


ఆళ్ళగడ్డ,
ఆదివారం.

రాను పో అన్న నా సరస్వతికి,

జైలు తప్పింది. బజారులో కొత్త డబ్బా కొని, దాని మీద మందు డబ్బా పుర్రె బొమ్మ అతికించి, నిండా చల్లటి మజ్జిగ పోసుకుని పోయాను. అర్జీలు తీసుకునే మేడమ్ ముందు పెట్టి, "తాగండమ్మా, బాగా కడిగినాం," అన్నాను.

ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది. "ఏందయ్యా ఇది? విషం డబ్బాలో తెచ్చినావ్?"

ఆ మాట ఆమె నోట రావాలనే కదా నా కుట్ర! "మేం దినామూ తాగేది..." అని మొదలుపెట్టానో లేదో, పక్కనున్న అటెండర్ హుస్సేన్ వలి గ్లాసు నింపుకుని గటగటా తాగేశాడు. నా ఎత్తు మట్టిలో కలిసిందనుకున్నాను.

"భయం లేదా వలీ?" అంది మేడమ్.

"భయమేంది మేడమ్? మా ఇంట్లో తాగే నీళ్ళు ఇట్లాంటి దాంట్లోనే పోసి పెడ్తాండాం. పిల్లోళ్ళు కూడా అవే తాగుతాండారు."

హాల్లో ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. వలి చెయ్యి పట్టుకుని, "నాది కొత్త డబ్బానే అన్నా. మీ ఇంట్లోది?" అన్నాను. అతను గ్లాసు బల్ల మీద పెట్టి, ఇంటికి ఫోన్ చేయడానికి బయటికి పరుగెత్తాడు.

మేడమ్ నా అర్జీ మొదటి నుంచి చదివింది. గురువారం ఆళ్ళగడ్డ దుకాణాలకు తానే వచ్చింది. ఇకమీదట పాత డబ్బా తెచ్చిస్తేనే ఇక్కడ కొత్త మందు. తెచ్చిన డబ్బాకు అక్కడే చిల్లి పొడవాలి. చిల్లి డబ్బాలో నీళ్ళెవడు మోస్తాడు? అన్ని ఊళ్ళకూ ఇదే రూలు కావాలని పైకి రాసిందట. పైవాళ్ళు నిద్రపోతే లేపడానికి మజ్జిగకు కరువా!

నువ్వు పడిపోయిన చేను ఆసామి సాల్మన్ రాజు కూడా, మొహం మాడ్చుకునే అయినా, కూలీలకు మంచినీళ్ళ కుండ తెచ్చిపెట్టాడు.

ఇంకో మాట. మనింట్లో కందిపప్పు పోసుకునేది కూడా అలాంటి డబ్బాయే కదా. పప్పు పారబోసి, డబ్బాను కొడవలితో పొడిచేశాను. కొత్త పప్పును నీ పెండ్లి స్టీలు డబ్బాలో పోశాను. అదే, ఎవరినీ తాకనివ్వవే, అది. మూత దగ్గర చిన్న సొట్ట కూడా పడింది.

తిట్టడానికైనా రా.

నీ దారి చూస్తున్న
దేవదానం